చర్మం బాగుంది

మార్చి మొదటి మంగళవారం దేదీప్య డేటాబేస్‌లో నాలుగు టేబుళ్ల మీద ట్రిగ్గర్లు పెట్టి, పని అయిపోయిందని శశికాంత్‌కు మెసేజ్ పంపి, డబ్బాలో తెచ్చుకున్న పెరుగన్నం తినడానికి కింది అంతస్తుకు వెళ్లింది.

ఆమె పనిచేసేది చికాగో పక్కన నేపర్‌విల్ శివార్లలోని ఒక నర్సింగ్ హోమ్ సంస్థలో. ఆ సంస్థకు చుట్టుపక్కల ఊళ్లలో మూడు భవనాలున్నాయి. మంచాన పడ్డవాళ్లు, స్ట్రోకు వచ్చినవాళ్లు, మతిమరుపుతో ఇంట్లో ఉండలేనివాళ్లు అంతా కలిపి మూడు వందల నలభై మంది. పెద్ద భవనంలో కింద రెండు అంతస్తులూ రోగులవి, మూడోది ఆఫీసు. లిఫ్టు తలుపు తెరుచుకున్నప్పుడల్లా బ్లీచూ, ఉడికించిన బఠాణీలూ, మూత్రమూ కలిసిన వాసన వచ్చేది. మూడేళ్లలో దేదీప్య ముక్కు దానికి అలవాటు పడిపోయింది.

రోగుల రికార్డులన్నీ ఒక పాత సాఫ్ట్‌వేర్‌లో ఉండేవి. ఎవరికి ఏ మందు ఇచ్చారు, ఎవరు ఎంత తిన్నారు, సొంతంగా కదలలేని మనిషిని రెండు గంటలకోసారి ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టారు, ఇవన్నీ రోగుల్ని చూసుకునే ఎయిడ్లు గోడకు బిగించిన స్క్రీన్ల మీద నొక్కుతారు. అవి ప్రతి రాత్రీ రిపోర్టుల డేటాబేస్‌లోకి కాపీ కావాలి. నలభై లక్షల రికార్డులు మొదటినుంచి చివరిదాకా కాపీ అయ్యేసరికి మర్నాడు పొద్దున పది దాటేది. మారినవాటిని మాత్రమే కాపీ చేద్దామని మేనేజర్ శశికాంత్ అన్నాడు.

ఏవి మారాయో తెలియాలంటే ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ట్రిగ్గర్ పని అదే. టేబుల్‌లో ఎవరైనా ఒక రికార్డును ముట్టుకోగానే అది తనంతట తానే కదిలి, పక్కనున్న మరో టేబుల్‌లో ఒక వరుస రాసిపెడుతుంది. ఏ రికార్డు, ఎప్పుడు మారింది అన్నది రాస్తే కాపీకి చాలు. దేదీప్య ఇంకో మూడు గడులు చేర్చింది. ఎవరి లాగిన్‌తో మారింది, అంతకుముందు ఏముంది, ఇప్పుడేముంది. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో పడిన అలవాటది. ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు.

కాపీ ఇరవై నిమిషాలకు దిగింది. శశికాంత్ సంతోషించాడు. తర్వాతి సోమవారం లెక్కలు సరిచూస్తుంటే ఆమెకు ఒక చోట తేడా కనిపించింది. తిప్పి పడుకోబెట్టే చార్టులో రోజంతా మార్పులు మామూలే, ఎయిడ్ నొక్కిన ప్రతి నొక్కూ ఒక మార్పే. కానీ ఆ పొద్దున తొమ్మిదికీ పదకొండుకీ మధ్య తొమ్మిది వందల చిల్లర పాత రికార్డులు మారాయి. వారం కిందటివి, పది రోజుల కిందటివి, కొన్ని ఫిబ్రవరివి. తన ట్రిగ్గరే ఎక్కడో తప్పు రాస్తోందనుకుంది. టెస్ట్ డేటాబేస్‌లో పెట్టి రకరకాలుగా పరీక్షించింది. ట్రిగ్గర్ సరిగ్గానే ఉంది. తొమ్మిది వందల మార్పులూ ఒక్క లాగిన్‌తోనే జరిగాయి. ఆ లాగిన్ ఛాయాదేవిది.

ఛాయాదేవి ఆ సంస్థకు క్వాలిటీ డైరెక్టర్. గుంటూరులో నర్సింగ్ చదివి, మస్కట్‌లో కొన్నాళ్లు పనిచేసి, తొంభైల చివర్లో చికాగో వచ్చిన మనిషి. అరవైకి దగ్గర పడుతోంది. ఊళ్లో తెలుగువాళ్లందరికీ ఆవిడ ఆంటీయే. దేదీప్య కాన్పుకి వాళ్ల అమ్మకు వీసా రాకపోతే, ఛాయాదేవి మూడు వారాలపాటు రోజూ పొద్దున్నే ఇంటికి వచ్చి వెల్లుల్లి కారం, బీరకాయ కూర, మెత్తటి అన్నం పెట్టి, పసిదాన్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్లు పోసి, ఆ తర్వాత ఆఫీసుకు వెళ్లేది. దేదీప్యకు ఈ ఉద్యోగం ఉందని చెప్పింది కూడా ఆవిడే.

అందుకే దేదీప్య నేరుగా ఆవిడ గదికే వెళ్లి అడిగింది.

"ఆంటీ, మీ సైడ్ నుంచి ఏదైనా ప్రోగ్రామ్ రన్ చేశారా? టర్నింగ్ చార్ట్‌లో పాత ఎంట్రీలు చాలా అప్‌డేట్ అయ్యాయి."

ఛాయాదేవి కళ్లద్దాలు తీసి నవ్వింది. "ప్రోగ్రామ్ ఎక్కడిదే, నా వేళ్లే ప్రోగ్రామ్. స్టేట్ ఇన్‌స్పెక్షన్ వస్తోంది కదా. ఈ పిల్లలు పని చేస్తారు, స్క్రీన్ మీద నొక్కడం మర్చిపోతారు. ఖాళీలు కనిపిస్తే మన ప్రాణం తీస్తారు వాళ్లు. నేను ఫిల్ చేస్తున్నా. లేట్ ఎంట్రీ అంటాం దీన్ని." ఒక్క క్షణం ఆగి, "అయినా నీకెలా తెలిసింది?" అంది.

"కాపీ కోసం ట్రాక్ చేస్తున్నాం ఆంటీ."

"ఓహో. మంచిదే," అంది ఛాయాదేవి. డ్రాయర్‌లోంచి ఉసిరికాయ పచ్చడి సీసా తీసి చేతిలో పెట్టింది. "పిల్లకి పెట్టకు, కారం ఎక్కువైంది."

దేదీప్య తేలికపడ్డ మనసుతో సీటుకు తిరిగొచ్చింది.

గురువారం మధ్యాహ్నం రెండున్నరకు ఆమె లిఫ్టు కోసం నిలబడి ఉంటే మీనాక్షి ఎదురైంది. రెండో అంతస్తులో రెండు వందల పద్నాలుగో గదిలో ఉండే వెంకటస్వామి గారి భార్య. డెబ్బై ఆరేళ్లుంటాయి. ఆయన ఎప్పుడో పంతొమ్మిది వందల డెబ్బై ఒకటిలో అమెరికా వచ్చిన సివిల్ ఇంజనీరు, చికాగో చుట్టూ వంతెనలు కట్టించినవాడు. నవంబరులో స్ట్రోకు వచ్చి కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. మీనాక్షి రోజూ పొద్దున పదింటికి వచ్చి సాయంత్రం ఐదు దాకా ఆయన పక్కనే కుర్చీలో కూర్చుంటుంది.

"అమ్మాయ్, నువ్వు కంప్యూటర్ల అమ్మాయివి కదూ? ఆయన ట్యాబ్లెట్‌లో సౌండు రావట్లేదు. ఒక్కసారి చూసి పెడతావా?"

గది తలుపు తీయగానే ఆ వాసన తగిలింది. లిఫ్టు దగ్గరి వాసన కాదది. తీపి కలిసిన కుళ్లు, ఎండలో మరచిపోయిన మాంసం సంచి విప్పినట్టుంది. కిటికీ దగ్గర మంచం మీద వెంకటస్వామి వెల్లకిలా ఉన్నాడు. కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. దేదీప్య నోటితో గాలి పీలుస్తూ ట్యాబ్లెట్ సరిచేసింది. రెండు నిమిషాల పని.

"వాసన వస్తోంది కదూ?" అంది మీనాక్షి నెమ్మదిగా. "నాకొక్కదానికే వస్తోందేమోననుకున్నా. అడిగితే ఏమీ లేదంటారు. పొద్దున పది నుంచీ ఇక్కడే ఉన్నానమ్మా, ఒక్కళ్లు లోపలికి రాలేదు. భోజనం ట్రే పెట్టి వెళ్లారు, అంతే. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలిట. ఎవరు తిప్పారు? నా చేత కాదు. ఇటు రా, చూడు."

దేదీప్య వద్దనేలోపే ఆవిడ దుప్పటి తొలగించి, రెండు చేతులతో భర్త నడుమును కొంచెం పైకి నెట్టింది. తోకఎముక మీద అంటించిన గుడ్డ తడిసి, గోధుమరంగూ ఆకుపచ్చా కలిసిన రంగులోకి మారి ఉంది. దాని అంచున టేప్ మీద నర్సు పెన్నుతో రాసిన తేదీ, మార్చి తొమ్మిది. ఆ రోజు పదమూడు. ఒక పక్క టేప్ ఊడిపోయింది. దాని కింద పిడికిలి పట్టేంత గుంట. అంచులు నల్లగా, లోపల పసుపుగా, అడుగున ఏదో తెల్లగా.

దేదీప్య చేత్తో ముక్కూ నోరూ మూసుకుంది. తల తిప్పుకోబోతుంటే వెంకటస్వామి కళ్లు తన మీదే ఉన్నాయి. ఆమె ముక్కు మూసుకోవడం ఆయన చూశాడు. చూసి, కళ్లు మూసుకున్నాడు.

నర్సుల డెస్కు దగ్గర చెప్పింది. అక్కడున్న అమ్మాయి సరేనని రాసుకుంది. పైకి వెళ్లి బాత్‌రూమ్‌లో కక్కుకుని, చేతులు మూడుసార్లు కడుక్కుంది. ఆ వాసన స్వెట్టర్‌ను వదల్లేదు.

సోమవారం పదకొండు దాటాక మార్పుల టేబుల్ తెరిచింది. రెండు వందల పద్నాలుగో గది వరకే వెతికింది. గురువారం పన్నెండు గంటల గడి నిన్నటి దాకా ఖాళీ. ఈ పొద్దున తొమ్మిది నలభైకి అందులో "ఎడమ పక్కకు" అని చేరింది. రెండు గంటల గడిలో "కుడి పక్కకు". రెంటి కిందా ఒక ఎయిడ్ పొడి అక్షరాలు. సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఆ ఎయిడ్ సరిగ్గా పన్నెండింటికీ, రెండింటికీ వచ్చి తిప్పినట్టే ఉంటుంది. మార్చింది ఛాయాదేవి అనీ, నాలుగు రోజుల తర్వాత అనీ ట్రిగ్గర్ రాసిన వరుసలో తప్ప లోకంలో ఎక్కడా లేదు.

రెండున్నరకు తాను ఆ గదిలో నిలబడి ఉంది. ఆయన వెల్లకిలా ఉన్నాడు.

ఇంకొంచెం కిందికి వెళ్లింది. ఫిబ్రవరి ఇరవైనాటి రికార్డు ఒకటి కూడా ఈ పొద్దునే మారింది. అది ఖాళీ గడి కాదు. పాత విలువ అన్న గడిలో ఎవరో ఎయిడ్ తన మాటల్లో రాసింది ఇంకా ఉంది: "నడుము కింద ఎర్రగా ఉంది, చర్మం విడింది, నర్సుకు చెప్పాను." కొత్త విలువ రెండే రెండు ఇంగ్లీషు ముక్కలు. స్కిన్ ఇంటాక్ట్. చర్మం బాగుంది.

ఆయనవే అలాంటివి నాలుగున్నాయి. అందరివీ వెతికితే అరవై ఒకటి. మడమలు, తుంట్లు, వీపులు. ఎవరో పాపం చూసి, వంగి, చేత్తో ముట్టుకుని, ఆగి రాసిన మాటలు. అన్నిటి పక్కనా చర్మం బాగుంది, చర్మం బాగుంది, చర్మం బాగుంది.

మధ్యాహ్నం భోజనాల గదిలో ఛాయాదేవి ఎప్పటిలాగే వచ్చి ఎదురుగా కూర్చుంది. పాప అవని ఎలా ఉంది, పళ్లు ఎన్ని వచ్చాయి అని అడుగుతూ తన డబ్బాలోంచి దోసకాయ పప్పు ఒక గరిటె తీసి దేదీప్య అన్నంలో వేసింది. దేదీప్య ఆ చేతివేళ్లనే చూస్తోంది. పొట్టి గోళ్లు, శుభ్రమైన వేళ్లు, ఒక ముత్యపు ఉంగరం. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. దగ్గినట్టు నటించి టిష్యూలో ఉమ్మేసింది.

శశికాంత్ గదికి వెళ్లి తలుపు వేసి అంతా చెప్పింది. కరీంనగర్ మనిషి, నలభై ఐదేళ్లవాడు, ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. విన్నంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

"గిదంతా నువ్వెందుకు చూస్తున్నవ్, దేదీప్యా? మన పని డేటా కాపీ చేసుడు. అండ్ల ఏమున్నదో చదువుడు కాదు."

"అరవై ఒక్క చోట్ల పుండ్లున్నాయని రాశారు శశికాంత్ గారూ. లేవని మార్చారు."

"ఆమె నర్సు. ముప్ఫై ఏండ్ల ఎక్స్‌పీరియన్స్. నువ్వు నర్సువా? క్లినికల్ మ్యాటర్ మనకు సమజ్ కాదు." పెన్ను కింద పెట్టాడు. "లొల్లి చెయ్యకు. నీ గ్రీన్ కార్డుకు ఐ-వన్ ఫార్టీ ఫైల్ చేసి నెల కాలే. యాదికున్నదా?"

మర్నాడు ఆయన నుంచి ఈమెయిల్ వచ్చింది. కాపీకి రికార్డు నంబరు, సమయం ఉంటే చాలు. లాగిన్, పాత విలువ, కొత్త విలువ తీసేయమన్నాడు. స్పేస్ వృథా అవుతోందట. ఇప్పటిదాకా పోగుపడ్డ వరుసలను కూడా తుడిచేయమని చివర్లో రాశాడు. చూడబోతే అందులో ఒక్క ముక్క కూడా తప్పు కాదు. కాపీకి నిజంగానే నంబరు చాలు.

ఇంట్లో భర్త ప్రణవ్‌తో చెప్పింది. "అప్రూవల్ వచ్చేదాకా ఆగు. రెండు నెలలేగా," అన్నాడతను. అతను చెడ్డవాడు కాదు. ఆమె కూడా అదే మాట వినాలనుకుంది. అది అతని నోట వచ్చినందుకు అతని మీద అసహ్యం వేసింది, వినాలనుకున్నందుకు తన మీద వేసింది.

బుధవారం పొద్దున ట్రిగ్గర్లను మార్చింది. మూడు గడులూ తీసేసింది. ఐదు నిమిషాలు పట్టింది. పాత వరుసలు తుడవడానికి మాత్రం చెయ్యి రాలేదు. చేస్తాను, చేస్తాను అంటూ వాయిదా వేసింది. శశికాంత్ రెండుసార్లు గుర్తుచేశాడు. ఛాయాదేవి ఎదురైతే నవ్వింది, తనూ నవ్వింది. మెట్ల దారిన రావడం మొదలుపెట్టింది, రెండో అంతస్తులో లిఫ్టు ఆగితే మీనాక్షి కనిపిస్తుందని.

ఇరవై ఎనిమిదో తేదీ శుక్రవారం మీనాక్షే పైకి వచ్చింది. చేతిలో చార్టు ప్రింట్లు, పక్కన ఛాయాదేవి. రెండు రోజుల కిందట వెంకటస్వామికి తీవ్రంగా జ్వరం వచ్చి ఒంట్లో విషం పాకిందని ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఇంత పుండు ఎలా పడనిచ్చారని అక్కడి డాక్టరు అడిగాడట. అందుకని ఆవిడ రికార్డులు అడగడానికి వచ్చింది.

దేదీప్య సీటు పక్కనే నిలబడి మాట్లాడుకున్నారు. ఛాయాదేవి ఒక చెయ్యి ఆవిడ భుజం మీద వేసి, రెండో చేత్తో కాగితం చూపిస్తోంది.

"చూడండి మీనాక్షి గారూ, ప్రతి రెండు గంటలకీ తిప్పారు. ఇదిగో పన్నెండింటికి, ఇదిగో రెండింటికి. స్కిన్ ఇంటాక్ట్ అని ఉంది చూశారా? ఆ వయసులో, ఆ కండిషన్‌లో, అది రెండు మూడు రోజుల్లో ఓపెన్ అయిపోతుందండీ. ఎవరి చేతుల్లోనూ లేదు."

"నేను అక్కడే ఉన్నానుగా," అంది మీనాక్షి. "పదింటి నుంచీ ఉన్నాను. ఎవరూ రాలేదు."

"మీరూ పెద్దవారు. కుర్చీలో కూర్చుంటే కునుకు పడుతుంది. పాపం మిమ్మల్ని లేపడం ఎందుకని వాళ్లు నెమ్మదిగా పని చేసుకుని వెళ్లి ఉంటారు."

మీనాక్షి ఆ కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివింది. మళ్లీ చదివింది.

"కునుకు పడిందేమో మరి. అయివుంటుంది. ఈ మధ్య నాకు ఏదీ సరిగ్గా జ్ఞాపకం ఉండట్లేదు. ఊరికే నర్సుల్ని అనుమానించాను."

ఛాయాదేవి ఆవిడ వీపు నిమిరింది. పసిపిల్ల ఒంటికి నలుగు పెట్టేటప్పుడు ఎంత మెత్తగా ఉండేదో అంత మెత్తగానే ఉంది ఆ చెయ్యి.

దేదీప్యకు ఒళ్లంతా జలదరించింది. కుళ్లిన పుండు చూసినప్పుడు ఇంత కాలేదు. ఒక మనిషి ఒంట్లో గుంట పడనిచ్చారు. ఇప్పుడు అతని భార్య కళ్లతో చూసిన దాన్ని ఆవిడ బుర్రలోంచి చెరిపేసి, అక్కడ కూడా చర్మం బాగుందని రాస్తున్నారు. ఆవిడ రాయనిస్తోంది.

మీనాక్షి లిఫ్టు దగ్గరికి చేరేలోపు దేదీప్య పరుగెత్తుకెళ్లింది.

"మీనాక్షి గారూ, మీరు నిద్రపోలేదు."

"ఏమిటమ్మా?"

"పదమూడో తారీఖున మీరు నిద్రపోలేదు. ఎవరూ రాలేదు. నేను చూశాను కదా, వెల్లకిలా ఉన్నారు. ఆ కాగితం అబద్ధం. తర్వాత రాసింది."

మీనాక్షి ఆమె ముఖంలోకి చూస్తూ నిలబడింది. లిఫ్టు వచ్చి, తెరుచుకుని, మూసుకుంది.

"నీకు ఎప్పటినుంచీ తెలుసు?" అంది.

దేదీప్య ఒక అడుగు వెనక్కి వేసింది. ఆవిడ మరో లిఫ్టు కోసం బొత్తాం నొక్కి, ఇక ఆమె వైపు చూడలేదు.

ఆ మధ్యాహ్నమే దేదీప్య పార్కింగ్‌లో కార్లో కూర్చుని రాష్ట్ర ఆరోగ్య శాఖ ఫిర్యాదుల నంబరుకు ఫోన్ చేసింది. తన పేరు చెప్పింది. ఏ రోగి పేరూ బయటికి తీసుకురాలేదు. ఫలానా డేటాబేస్‌లో ఫలానా టేబుల్ ఉంది, దాన్ని అడగండి, సాఫ్ట్‌వేర్‌లో కనిపించేది నమ్మకండి అంది. అవతలి మనిషి టేబుల్ పేరు ఒక్కో అక్షరమే చెప్పించుకుని రాసుకుంది.

తర్వాతి వారం ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. అలాంటి టేబుల్ ఏదీ లేదని శశికాంత్ అన్నాడు, తుడిచేసి ఉంటుందన్న నమ్మకంతో. దేదీప్య తన స్క్రీన్ మీద తెరిచి చూపించింది. వాళ్లలో పెద్దావిడ, నర్సుగా చేసి వచ్చిన మనిషి, ఒక్కో వరుసా వేలు పెట్టి చదివింది. ఆవిడ ముఖంలో ఏమీ కనిపించలేదు. ఒకచోట వేలు ఆగింది.

"పందొమ్మిదో తేదీ నుంచి పాత విలువలు ఎందుకు లేవు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"నేను తీసేశాను."

"ఎవరు చెప్పారు?"

దేదీప్య శశికాంత్ ఈమెయిల్ చూపించింది.

"ఆ తర్వాత మారినవాటిలో అంతకుముందు ఏముందో తెలుసుకునే దారి ఉందా?"

"లేదు."

"ఎన్ని?"

"మూడు వందల ఎనభై రెండు."

ఆవిడ ఆ అంకె రాసుకుంది. ఏదైనా అని ఉంటే బాగుండేదని దేదీప్యకు అనిపించింది.

ఆ సాయంత్రం నాలుగున్నరకు ఛాయాదేవి పార్కింగ్‌లో ఆమె కారు పక్కన కాచుకుని ఉంది. కోటు వేసుకోలేదు, చలికి వణుకుతోంది.

"నాకొక్క మాట చెప్పకుండా స్టేట్‌కి ఫోన్ చేశావా? నీ బిడ్డకి నేను నీళ్లు పోశానే."

"మీకే మొదట చెప్పాను ఆంటీ."

"నీకేం తెలుసు? ముప్ఫై మందికి ఒక ఎయిడ్. నాలుగేళ్లుగా మనుషుల్ని ఇవ్వమని అడుగుతున్నా, ఇవ్వరు. ఇన్‌స్పెక్షన్ ఫెయిలైతే బిల్డింగ్ మూసేస్తారు. ఈ ముసలివాళ్లంతా ఎక్కడికి పోతారు? నేను రాసింది నాకోసమా? ఇరవై ఏళ్లు నా చేతుల్తో తిప్పానే వీళ్లని. నా నడుము పోయింది తిప్పి తిప్పి."

అది నిజమేనని దేదీప్యకు తెలుసు. ఆ నిజం తనకు జాలి కలిగించాలని కూడా తెలుసు. కలగలేదు.

"ఖాళీలు నింపారు, సరే. ఆ ఎయిడ్ చర్మం విడిందని రాసింది కదా. అది ఎందుకు తుడిచారు? అది చదివి ఆయన్ని చూడొచ్చు కదా, ఫిబ్రవరిలోనే?"

ఛాయాదేవి దేదీప్య చెయ్యి పట్టుకోబోయింది. దేదీప్య చేతిని లాక్కుంది, నిప్పు తగిలినట్టు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. దేదీప్య కారెక్కి తలుపు లాక్ చేసుకుంది.

జూన్‌లో ఐటీ విభాగాన్ని పునర్వ్యవస్థీకరిస్తున్నామని చెప్పి దేదీప్యను తీసేశారు. ఉద్యోగం పోతే వీసా మీద ఉన్నవాళ్లకు ఇచ్చే అరవై రోజుల గడువులో యాభై రెండో రోజున ఒక గిడ్డంగుల కంపెనీలో ఉద్యోగం దొరికింది. గ్రీన్ కార్డు కాగితాలు మళ్లీ మొదటినుంచి. ఆగస్టులో రాష్ట్రం నివేదిక వచ్చింది. ఛాయాదేవి నర్సింగ్ లైసెన్సును ఏడాదిపాటు ఆపేశారు. అది ఆవిడ ఒక్కతే సొంతంగా చేసిన పని అని, తమకేమీ తెలియదని యజమానులు రాసిచ్చారు. ప్రతి సోమవారం మధ్యాహ్నం వాళ్లకు రిపోర్టు వెళ్లేది, వందకి వంద శాతం తిప్పారని. ముప్ఫై మందికి ఒక ఎయిడ్‌ను పెట్టిన వాళ్లు వందకి వంద చూసి ఒక్కసారైనా ఇదెలా అని అడగలేదు. శశికాంత్ డైరెక్టర్ అయ్యాడు.

వెంకటస్వామి బతికాడు. రెండు ఆపరేషన్ల తర్వాత పక్క ఊరు అరోరాలో మరోచోట చేర్చారు. పుండు ఇంకా మానలేదని ఎవరో చెబితే తెలిసింది. మీనాక్షికి దేదీప్య నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఆవిడ ఎత్తలేదు.

సెప్టెంబరులో స్నేహితురాలు రేష్మ వాళ్ల అబ్బాయి మొదటి పుట్టినరోజు. నేపర్‌విల్‌లో ఒక కమ్యూనిటీ హాల్లో చేశారు. ప్రణవ్ బలవంతం మీద వెళ్లింది. బెలూన్లు, బిర్యానీ, పిల్లల అరుపులు. దేదీప్య కూర్చున్న టేబుల్ దగ్గరికి ఎవరూ రాలేదు. చివరికి రేష్మే ప్లేటు పట్టుకుని వచ్చి కూర్చుంది. ఆమె పురిటికి కూడా ఛాయాదేవే వండిపెట్టింది.

"ఆంటీ ఎవరింటికీ రావడం లేదు ఇప్పుడు. చాలా చిక్కిపోయారట," అంది రేష్మ. "ఎంతమందికి చేశారు ఆవిడ. నేను నిన్ను అనడం లేదు దేదీప్యా. నువ్వు కాస్త ఆగి, నెమ్మదిగా ఆవిడతో మాట్లాడి ఉంటే సరిపోయేదేమో కదా."

పక్క టేబుల్ దగ్గరివాళ్లు మాటలు ఆపి ఇటు చెవులు పెట్టారు.

"ఆగాను," అంది దేదీప్య. "తెలిశాక పదకొండు రోజులు ఆగాను. అందరితోనూ నవ్వుతూ మాట్లాడాను. ఆ రోజుల్లో మూడు వందల ఎనభై రెండు మార్చారు. వాటిలో ఎవరి ఒంటి మీద ఏముందో ఇప్పుడు ఎవరికీ తెలియదు, ఆవిడకి కూడా గుర్తుండదు. తెలియకుండా చేసింది నేను."

రేష్మ ప్లేటు వైపు చూసింది. పక్క టేబుల్లో ఎవరో కేకు కోస్తున్నారు రండి అని పిల్లల్ని పిలిచారు. దేదీప్య అవనిని ఎత్తుకుని, బూట్లు వెతికి తొడిగి, ప్రణవ్‌కు సైగ చేసి బయటికి నడిచింది.